ఇంట్లోకి పామొస్తే: పట్టేవాళ్లు ఏం చేస్తారు, మనమేం చేయాలి

ఇంట్లో పాము కనపడితే మనవాళ్లకు తోచేవి రెండే. కర్ర అందుకుని కొట్టడం ఒకటి. పేటలో పాములు పట్టే కుర్రాడెవరైనా ఉంటే పిలిపించి, వాడు మెడ పట్టుకుని పైకెత్తి చూపిస్తుంటే అపార్ట్‌మెంటంతా చుట్టూ మూగి వీడియో తీయడం రెండోది. ఈ రెంటిలోనూ మనిషి చెయ్యి పాము నోటికి దగ్గరగా వెళ్తోంది. పద్ధతి తెలిసినవాళ్లు పాము పడుతుంటే చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు. ఒక పీవీసీ పైపు, దాని చివర కట్టిన నల్లగుడ్డ సంచి, కొక్కెం ఉన్న పొడవాటి ఊచ. పాము తనంతట తాను చీకట్లోకి దూరుతుంది, మూతి బిగిస్తారు, తీసుకుపోతారు. గోల లేకుండా, పడగ విప్పే అవసరం పాముకి రాకుండా అయిపోతే ఆ పని బాగా జరిగినట్టు లెక్క.

దీన్నిబట్టి ఇంటివాళ్ల వంతు ఏమిటో కూడా తేలిపోతుంది. పామును కనిపెట్టి ఉండటం, అది ఇంట్లో మరో మూలకు పోకుండా సందులు మూయడం, పట్టేమనిషి వచ్చేదాకా ఆగడం. చెప్పినంత తేలిక కాదు, ముఖ్యంగా ఆగడం.

బెజవాడ, గుంటూరు ఊళ్లలో ఎక్కడెక్కడ, ఎప్పుడెప్పుడు

బెజవాడ నడిబొడ్డునుంచి ఏలూరు, రైవస్, బందరు కాలువలు పోతాయి. పక్కనే బుడమేరు. గుణదల, మొగల్రాజపురం కొండల మీదికి ఇళ్లు ఎక్కేశాయి. పడమర వైపు కొండపల్లి అడవి. గుంటూరు వైపు చూస్తే దిగువన కొమ్మమూరు కాలువ కింద వరి, ఎగువన మిరప, పత్తి, ఇంకాస్త పోతే కొండవీడు రాళ్లగుట్టలు. కాలువకట్టల్లో, పొలంగట్లలో ఎలుక బొరియలకు లెక్కే లేదు. పాముకు కావాల్సింది తిండి, నీడ, తడి. ఆ మూడూ ఊరి మధ్యలోనే దొరుకుతుంటే అది వేరే అడవి వెతుక్కోదు. అమరావతి రాజధాని పల్లెల్లో ఏళ్ల తరబడి ఖాళీగా వదిలేసిన ప్లాట్లలో సర్కారు తుమ్మ పెరిగి, పక్కనే కొత్త ఇళ్లు లేస్తున్నచోట ఈ మూడూ మరీ ఎక్కువ.

ఏడాదంతా ఒకేలా ఉండదు. చలికాలం రక్తపింజర జతకట్టే కాలం, మగవి తోడు వెతుక్కుంటూ తిరుగుతాయి, పొద్దుటెండకు గట్ల మీద చుట్ట చుట్టుకుని పడుకుంటాయి. వరికోతలు కూడా అప్పుడే. కోతమిషన్ దిగిన మడిలోంచి ఎలుకలు ఊరివైపు పరుగుతీస్తే వాటి వెనకే ఇవీ వస్తాయి. ఎండాకాలంలో చల్లదనం కోసం కూలర్ కింద, పూలకుండీల వెనక, స్నానాల గది తూము దగ్గర చేరతాయి. తాచు, కట్లపాము, జెర్రిపోతు గుడ్లు పెట్టేది కూడా ఈ నెలల్లోనే. రక్తపింజర గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. ఒక్క ఈతలో 20 నుంచి 40 దాకా. జూన్, జులై వచ్చేసరికి పిల్లలు బయట తిరుగుతుంటాయి, కాలువలకు నీళ్లు వదులుతారు, వానలు పడతాయి, బొరియలు మునుగుతాయి. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటు మరణాలు ఏడాదికి సగటున 58 వేలని 2020లో వెలువడిన అధ్యయనం ఒకటి లెక్కగట్టింది. అందులో సగం జూన్–సెప్టెంబరు మధ్యవే. ఎక్కువ చావులున్న రాష్ట్రాల జాబితాలో మనదీ ఉంది. 2018 వానల్లో దివిసీమలో కాట్లు ఒక్కసారిగా పెరిగి, మోపిదేవిలో సర్పశాంతి యాగం దాకా వెళ్లిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది.

వరద సంగతి వేరే చెప్పుకోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు బెజవాడ సింగ్‌నగర్ వైపు ముంచెత్తినట్టు నీళ్లు వచ్చినప్పుడు పాములు కూడా మనలాగే ఎత్తు వెతుక్కుంటాయి. కిటికీ గ్రిల్లు, మెట్ల కింది అర, తడిసిన పరుపుల దొంతర, మోటారు డబ్బా, ఏదైనా సరే. నీళ్లలో కొట్టుకొచ్చిన పాము అలసి, కదలకుండా ఉంటుంది, చచ్చిందనుకుంటాం. వరద తీశాక బురద ఎత్తేటప్పుడు జాగ్రత్త ఎక్కువ కావాలి. చేతులతో సామాను లాగకుండా పారతోనో, పొడవాటి కర్రతోనో ముందు కదిలించి, కాసేపు ఆగి, అప్పుడు ఎత్తాలి.

చూసింది ఏ పాము

మన దగ్గర మనుషుల ప్రాణాలు తీసేవి ప్రధానంగా నాలుగు: తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. చిన్న పింజర పొడి నేలల్లో, రాళ్లగుట్టల్లో ఉంటుంది, పల్నాడు వైపు గమనించుకోవాలి. డెల్టా ఊళ్లలో ఇళ్లకు వచ్చేవాటిలో మొదటి మూడింటినే ఎక్కువ చూసుకోవాలి.

తాచు పడగ విప్పితే ఎవరికైనా తెలుస్తుంది. విప్పకపోతేనే చిక్కు. పడగ దించుకుని పాకుతున్న తాచు గోధుమరంగులో, నున్నగా, మామూలు పాములా ఉంటుంది, జెర్రిపోతేమోలే అనుకుంటారు. జెర్రిపోతు కన్ను పెద్దది, పెదవుల మీద నిలువుగా నల్లగీతలుంటాయి, ఒళ్లు సన్నం, ఆరేడు అడుగులు కూడా పెరుగుతుంది, మనిషి అలికిడికి దూసుకుపోతుంది. ఎలుకల్ని అంతగా తినే పాము మరొకటి లేదు. అయినా పొడుగు చూసి దాన్నే ఎక్కువ చంపుతున్నారు. అది మగతాచు అనీ, ఆవు పొదుగు దగ్గర పాలు తాగుతుందనీ చెప్పేవి రెండూ కట్టుకథలే. కోడెతాచు, నల్లతాచు, గోధుమతాచు అని వేర్వేరుగా చెప్పేవి కూడా రంగు తేడాలు తప్ప వేరే జాతులు కావు. నీటిపాము, అదే నీరుకట్టె, బెదిరితే మెడ చదును చేస్తుంది. దాన్ని చూసి తాచుపిల్ల అనుకుంటారు. విషం లేదు గానీ కోపం ఎక్కువ, గట్టిగా కరుస్తుంది, రక్తం కారుతుంది.

రక్తపింజర లావుగా, మొద్దుగా ఉంటుంది. తల మూడుమూలలుగా, మెడ సన్నగా, వీపు మీద గొలుసులా మూడు వరసల గోధుమరంగు మచ్చలు. బుస కొడితే కుక్కర్ విజిల్ ముందు ఆవిరి వదిలినట్టు ఆగకుండా వినిపిస్తుంది. అది దారి ఇచ్చి పోయే రకం కాదు, ఉన్నచోటే చుట్ట చుట్టుకుని కూర్చుంటుంది. ఎండుటాకుల మీద ఉంటే పక్కనే నిలబడినా కనపడదు. చిన్న కొండచిలువ అనుకుని దీన్ని చేత్తో ఎత్తినవాళ్లున్నారు. మచ్చలు గుండ్రంగా, వరసగా, గొలుసుకట్టుగా ఉన్నాయా, లేక కొండచిలువకున్నట్టు చెదిరిన అట్టల్లా ఉన్నాయా అన్నది దూరం నుంచే చూసుకోవాలి. తేల్చుకోలేకపోతే పింజర కిందే లెక్క.

కట్లపాము దగ్గర ఇంకాస్త ఆగాలి. ఇళ్లలో అన్నిటికన్నా పొరపాటు జరిగేది ఇక్కడే. నల్లటి ఒంటి మీద తెల్ల పట్టీలున్న పాము రెండు రకాలు వస్తుంది: కట్లపాము ఒకటి, విషం లేని ఉల్ఫ్ స్నేక్ రెండోది. ఉల్ఫ్ స్నేక్ గోడలెక్కి, ట్యూబ్‌లైటు చుట్టూ తిరిగే బల్లుల కోసం వస్తుంది. మహా ఉంటే రెండడుగులకు కాస్త ఎక్కువ. దాని పట్టీలు మెడ దగ్గరే మొదలై, అక్కడ వెడల్పుగా స్పష్టంగా ఉండి, తోకవైపు పోయేకొద్దీ చెరిగిపోతాయి. కట్లపాముకు సరిగ్గా తిరగబడి ఉంటుంది: మెడ దగ్గర పట్టీలు ఉండవు, లేదా చుక్కల్లా ఉంటాయి, వెనక్కి పోయేకొద్దీ తేటపడి, సన్నగా, తరచూ రెండేసి జంటగా కనిపిస్తాయి. ఒళ్లు నీలం కలిసిన నలుపుతో నిగనిగలాడుతుంది. వెన్ను మీద మధ్య వరస పొలుసులు మిగతావాటికన్నా పెద్దవిగా, ఆరు మూలలుగా ఉంటాయి, జూమ్ చేసి తీసిన ఫొటోలో ఇది తెలుస్తుంది. ఇంత చెప్పాక కూడా ఒక మాట: ఈ గుర్తులు పట్టేవాళ్లకు వాట్సాప్‌లో ఫొటో పంపడానికి, ఆసుపత్రిలో చెప్పడానికి పనికొస్తాయి. చేత్తో పట్టుకోవచ్చా లేదా అని తేల్చుకోవడానికి కాదు. పట్టీలు కనపడని ముదురు కట్లపాములు, కుబుసం విడిచే ముందు రంగు మాసిన పాములు తెలిసినవాళ్లను కూడా బోల్తా కొట్టిస్తాయి.

కనపడిన మొదటి పది నిమిషాలు

ముందు లైట్లన్నీ వేయాలి. పిల్లల్ని, కుక్కను, పిల్లిని ఆ గదిలోంచి పంపేయాలి. ఒక మనిషి మాత్రం ఎనిమిది, పదడుగుల దూరంలో నిలబడి పామునే చూస్తూ ఉండాలి. ఫోన్ చేసేది వేరే మనిషి. ఒక్కరే ఉంటే పాము కనపడేచోట నిలబడే ఫోన్ చేయాలి. ఎటు పోయిందో తెలియని పామును పట్టడానికి వచ్చినవాళ్లు గంటల కొద్దీ బీరువాలు జరపాల్సి వస్తుంది. చాలాసార్లు దొరకదు కూడా. అప్పుడు ఆ రాత్రి ఆ ఇంట్లో నిద్రపట్టదు.

ఇంట్లోకి పోయే తలుపు వేసి, కింద సందులో పాత దుప్పటో టవలో మడిచి దూర్చాలి. బయటికి పోయే తలుపు బార్లా తీయాలి. పాము గోడవారనే పాకుతుంది, కాబట్టి తలుపుకీ దానికీ మధ్య గోడవార చెప్పుల స్టాండూ బకెట్లూ అడ్డం లేకుండా చూసుకోవాలి, అదీ పాముకు దూరంగా ఉన్నవాటినే. మీరు దాని దారిలో నిలబడకపోతే సగంసార్లు అదే పోతుంది. పాము ఏ బొరియలోకో, ఫ్రిజ్ వెనక్కో దూరితే ఆ చోటు గుర్తుపెట్టుకుని అక్కడే కాపలా ఉండాలి. ఫ్రిజ్ కంప్రెసర్ వెచ్చగా ఉంటుంది, వాషింగ్ మెషిన్ అడుగు చీకటిగా ఉంటుంది, రెండూ వాటికి ఇష్టమే. చెయ్యి పెట్టి లాగొద్దు, ప్లగ్గు మాత్రం తీసేయండి.

బైకు, స్కూటరులో దూరితే స్టార్ట్ చేయకూడదు, చేత్తో తడమకూడదు. జనం లేనిచోట నిలిపి దూరం జరిగితే చాలాసార్లు రాత్రికి అదే దిగిపోతుంది. తొందరుంటే పట్టేమనిషి పక్కన ఉండగా మెకానిక్ చేత డోమో, ప్యానెలో విప్పించాలి.

కిరోసిన్, ఫినాయిల్, వేడినీళ్లు, కారం పొగ ఏవీ వద్దు. ఇవి పామును బయటికి తేవు, ఇంకా లోపలికి నెడతాయి, లేదంటే మీ కాళ్లవైపే పిచ్చిపట్టినట్టు పరిగెత్తిస్తాయి. కార్బాలిక్ యాసిడ్, గంధకం, వెల్లుల్లి, కలరా ఉండలు, ఈశ్వరి వేరు కూడా ఇంటి చుట్టూ గీత గీసినట్టు పామును ఆపలేవు. కార్బాలిక్ యాసిడ్ అయితే ముందు కాలేది మీ చెయ్యే.

ఎవర్ని పిలవాలో పామొచ్చాక వెతుక్కుంటే ఆలస్యమవుతుంది. అటవీశాఖ రేంజి ఆఫీసు నంబరు, వాళ్ల అనుమతితో పనిచేసే స్నేక్ క్యాచర్ నంబరు అపార్ట్‌మెంటు నోటీసుబోర్డు మీద ముందే రాసి ఉంచాలి. ఏదీ దొరక్కపోతే 112. వచ్చినతను చెప్పులతో వచ్చినా, ఒట్టి చేతులతో పట్టబోయినా, మందు వాసన వచ్చినా ఆపేయండి. మొహమాటానికి పోయే సందర్భం కాదిది.

పైపు, సంచి, కొక్కెం

పైపు మూడు అంగుళాల వెడల్పుది, ఒకటిన్నర నుంచి రెండడుగుల పొడవుది. పెద్ద తాచుకో జెర్రిపోతుకో నాలుగంగుళాలది. మరీ వెడల్పైతే పాము లోపల వెనక్కి తిరిగి వచ్చేస్తుంది, మరీ ఇరుకైతే తల పెట్టి ఆగిపోతుంది. పైపు అంచు రంపంతో కోసిన గరుకు లేకుండా ఉప్పుకాగితంతో రుద్దాలి, లేదంటే పొలుసులు గీరుకుంటాయి. సంచి దట్టమైన నల్ల నూలుగుడ్డది, మూడు నాలుగడుగుల పొడవు. కుట్లు బయటివైపు ఉండాలి, లోపల దారప్పోగులుంటే పాము పళ్లకు, నోటికి చిక్కుకుంటాయి. గోనెసంచి పనికిరాదు, నేత వదులుగా ఉంటుంది, వెలుతురు పడుతుంది, కోర బయటికి వస్తుంది. సంచి మూతిని పైపు మీదికి నాలుగంగుళాలు ఎక్కించి రెండుచోట్ల బిగించి కడతారు. కొక్కెం ఊచ కనీసం మూడున్నర అడుగులు, చివర ఎల్ ఆకారంలో వంపు, కొన గుండ్రంగా.

పనిముట్లంటే ఇవే. కాళ్లకు గమ్‌బూట్లో, మందపాటి బూట్లో, పైన జీన్స్. తోలు గ్లౌజుల మీద నమ్మకం పెట్టుకోవద్దు. రక్తపింజర కోరల్ని అవి ఆపుతాయని ఖాయంగా చెప్పలేం, పైగా చేతికి పట్టు తెలియదు.

పని ఇలా సాగుతుంది. పాము ఏ గోడవార ఉందో చూసి, అది పోవాలనుకుంటున్న వైపు, గోడకు ఆనించి పైపును నేల మీద పెడతారు. సంచి వెనక సాఫీగా పరిచి, మడతలు లేకుండా చూస్తారు, మడత ఉంటే పాముకు ఆ చీకటి అక్కడితో ఆగిపోయినట్టు తోచి తిరిగి వస్తుంది. పైపు పెట్టి చెయ్యి తీసేయాలి, మూతి దగ్గర చేతివేళ్లు ఉండకూడదు. తర్వాత పాము వెనకనుంచి, తోకకు కాస్త పైన, కొక్కెంతో మెల్లగా తాకుతారు. కొట్టడం, నొక్కడం ఉండదు. పాము ముందున్న నల్లటి కన్నం చూస్తుంది, నాలుక ఆడిస్తుంది, తల పెడుతుంది. ఇక్కడే ఓపిక పట్టాలి. తల లోపలికి పోగానే వెనకనుంచి తొందరపెడితే బయటికి లాక్కుంటుంది. సగం ఒళ్లు పోయేదాకా కదలకుండా ఉండి, అప్పుడు ఇంకోసారి తాకితే మిగతాది దానంతట అదే పోతుంది.

తోక కొన లోపలికి వెళ్లగానే పైపు వెనకవైపు పట్టుకుని నిలువుగా ఎత్తాలి. పాము బరువుకు సంచి అడుగుకు జారుతుంది. గుడ్డమీంచి దాని ఒళ్లు కిందికి చేరిందని చూసుకున్నాక సంచిని మళ్లీ నేల మీద పెట్టి, పాముకూ పైపుకూ మధ్య గుడ్డ మీద కొక్కెం ఊచను అడ్డంగా ఆనించి నొక్కిపెడతారు. ఊచకు అవతల పాము, ఇవతల మనిషి. ఆ తర్వాతే సంచి మెడ మెలితిప్పి, మడిచి, గట్టిగా కట్టాలి. పైపు విప్పేది ఆఖర్న. కట్టిన సంచిని ముడికి పైన మాత్రమే పట్టుకోవాలి, కాలికి తగలకుండా ఒంటికి దూరంగా. గుడ్డలోంచి కాటేయడం పాముకు కష్టమేం కాదు. అందుకే సంచిని గాలి కన్నాలున్న మూతబకెట్లోనో ప్లాస్టిక్ పెట్టెలోనో దించి తీసుకెళ్తారు.

రక్తపింజరకు ఇదే పద్ధతి కానీ దూరం పెరగాలి. అది తన పొడవులో సగం దాకా ముందుకు విసురుతుంది, పక్కకు కూడా, చూసేవాళ్లకు ముందు సూచన ఉండదు. తోక పట్టి ఎత్తితే ఒళ్లు మెలితిప్పి పైకి వస్తుంది. చుట్ట చుట్టుకుని కదలనని మొండికేస్తే కొక్కెం నడుము కిందికి పోనిచ్చి మెల్లగా ఎత్తి, పక్కన సిద్ధంగా ఉంచిన పెద్ద డ్రమ్ములోకి దించుతారు. ఒక్కరు చేసే పని కాదు, మూత పట్టుకునే రెండో మనిషి కావాలి.

వలలో చిక్కుకున్న పాములు కూడా ఎక్కువైపోతున్నాయి. పెరటి కూరగాయలకు, కోళ్లకు కట్టిన నైలాన్ వల పొలుసుల కింద దిగిపోయి ఉంటుంది. అలాంటప్పుడు వల చుట్టూ ఎడంగా కత్తిరించి, పాముతో సహా తీసుకెళ్లి, తలవైపు పైపులోకి దూర్చి, మొద్దుకొన కత్తెరతో ఒక్కో పోగే తెంచుతారు. ఇంటివాళ్లు ముట్టుకోకూడదు. ఆ స్థితిలో ఉన్న తాచు ఎవరినైనా కరుస్తుంది.

ఎక్కడ దెబ్బతింటారు

పాము మెడను కర్రతో నొక్కి, వేళ్లతో పట్టుకోవడం చాలామంది నైపుణ్యం అనుకునేది. నొక్కినప్పుడు వెన్నుపూస, పక్కటెముకలు దెబ్బతింటాయి, ఆ పాము వదిలాక కొన్నాళ్లకు చస్తుంది. పట్టుకున్నాక వదిలేటప్పుడు ఒక్క క్షణం వేలు ఆలస్యమైనా కాటు పడుతుంది. పింజర కోరలు పొడవైనవి, మడత పెట్టుకునేవి, దవడ పక్కనుంచి కూడా వేలిని అందుకోగలవు. చిమటాల్లాంటి టాంగ్స్ కూడా అంతే, పట్టు ఎంత బిగిసిందో చేతికి తెలియదు. నొప్పెక్కిన పాము తిరగబడుతుంది.

చచ్చిందని ముట్టుకోవడం ఇంకో పెద్ద తప్పు. తల తెగినా చాలాసేపటిదాకా దవడ పట్టే గుణం ఉంటుంది. చచ్చిన పాము వల్ల విషమెక్కిన కేసులు మన దేశంలోనే వైద్యపత్రికల్లో నమోదయ్యాయి. కొట్టబోతే కాటు తినే అవకాశం ఎలాగూ ఎక్కువ, ఎందుకంటే కర్ర అందే దూరానికీ పాము అందే దూరానికీ పెద్ద తేడా లేదు.

చట్టం సంగతి కూడా తెలిసుండాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అన్నమాటకు పట్టుకోవడం కూడా వస్తుంది. 2022లో సవరించి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు చేసిన చట్టం ప్రకారం తాచు, రక్తపింజర, జెర్రిపోతు, నీటిపాము మొదటి షెడ్యూల్లో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జీవుల జాబితాలో ఉన్నాయి. ఆ షెడ్యూల్ జీవుల్ని వేటాడితే శిక్ష మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల దాకా ఉంటుంది, జరిమానా 25 వేలకు తక్కువ కాదు. ప్రాణరక్షణ కోసం మంచి ఉద్దేశంతో చంపాల్సి వస్తే అది నేరం కాదని అదే చట్టంలో ఉంది. పట్టి ఇంట్లో పెట్టుకోవడం, నాగులచవితికి తెచ్చి పాలు పోయించడం, రెండు తలల పామంటూ బేరం పెట్టడం మాత్రం తప్పించుకోలేని నేరాలు. పాము పాలు తాగే జంతువు కాదు. దాహంతో ఉంచి తాగిస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి చస్తుంది.

పట్టిన పామును ఆ రోజే, సాయంత్రం చల్లబడ్డాక, దగ్గర్లోనే వదలాలి. ఎండలో ఆపిన కారు డిక్కీలో గంట ఉంచితే అది వండిపోయినట్టే. దూరం అడవికి తీసుకెళ్తే మంచిదనుకుంటారు గానీ తెలియని చోట తిండి, బొరియ దొరక్క పాము తిరుగుతూనే ఉండి చచ్చిపోతుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఒకటి రెండు కిలోమీటర్లలో, ఇళ్లకు, రోడ్డుకు దూరంగా, పొదలున్నచోటు చాలు. కాలువ దగ్గర పట్టిన నీటిపామును కొండపల్లి అడవిలో వదిలితే దానికి చేసిన మేలేం లేదు. ఏ పాము, ఎక్కడ పట్టింది, ఎక్కడ వదిలింది అన్నది అటవీశాఖకు తెలియాలి.

కాటు పడితే

కరిచిన పామును వెతకడానికి ఒక్క నిమిషం కూడా పెట్టొద్దు. దూరం నుంచి ఫొటో దొరికితే సరే. మనిషిని పడుకోబెట్టి, కరిచిన చెయ్యో కాలో కదలకుండా కర్రబద్దతో వదులుగా కట్టి, 108కి ఫోన్ చేయాలి. ఉంగరాలు, గాజులు, పట్టీలు, మెట్టెలు వెంటనే తీసేయాలి, వాపు వచ్చాక తీయలేరు. తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, ఐసు పెట్టడం అన్నీ హాని చేసేవే. వేపాకు నమిలించి చేదు తెలుస్తోందా, మిరపకాయ కొరికించి కారం తెలుస్తోందా అని పరీక్షించడం మన ఊళ్లలో ఇంకా ఉంది. తాచు, కట్లపాము విషం మింగే కండరాలను పడేస్తుంది. అలాంటి మనిషి నోట్లో ఏది పెట్టినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

కట్లపాము కాటుకు నొప్పి, వాపు దాదాపు ఉండవు. రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, దోమో చీమో అనుకుని మళ్లీ నిద్రపోతారు. తెల్లవారుజామున కడుపునొప్పి, గొంతు పట్టేయడం, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం మొదలవుతాయి. గ్యాసు నొప్పి అనుకుని సోడా తాగించే సమయం అది కాదు. వానాకాలంలో నేల మీద పడుకున్న మనిషికి పొద్దున్నే రెప్పలు వాలుతున్నాయంటే కాటు గుర్తు కనపడకపోయినా ఆసుపత్రికే. మంచం, పరుపు కిందికి దోపిన దోమతెర, ఈ రెండూ కట్లపాము కాటును ఆపినంతగా మరేవీ ఆపలేవు.

విరుగుడు ఇంజెక్షన్ ఒకటే, నాలుగు పాములకూ కలిపి పనిచేస్తుంది. అందుకే పాము పేరు తెలియకపోయినా వైద్యం ఆగదు. మొదట సాధారణంగా 10 వయల్స్, అంటే పది చిన్న సీసాల మందు ఎక్కిస్తారు. పిల్లలకూ అంతే, ఎందుకంటే పాము వదిలిన విషం మనిషి బరువును బట్టి తగ్గదు. పింజర కాటు అనుమానం ఉంటే 2 మిల్లీలీటర్ల రక్తం గాజుగొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచి గడ్డకట్టిందా అని చూస్తారు. లక్షణాలు లేకపోయినా 24 గంటలు ఆసుపత్రిలో ఉండమంటారు, బతిమాలి ఇంటికి వచ్చేయకూడదు. గుంటూరు జీజీహెచ్, విజయవాడ ప్రభుత్వాసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్ పెద్దవే గానీ, దూరం ఎక్కువైతే దగ్గర్లో ఏ ఆసుపత్రిలో మందుందో 108 వాళ్లను అడిగి మొదటి డోసు అక్కడే వేయించుకోవడం మేలు.

సందులు

చిన్న పాముకు చిటికెనవేలు పట్టే సందు చాలు. తలుపు కింద రబ్బరు పట్టీ, స్నానాల గది తూముకు 5 మిల్లీమీటర్ల కన్నాలున్న జాలీ, ఏసీ పైపు గోడలోకి దిగేచోట సిమెంటు. కిటికీ మీదికి ఎగబాకిన తీగలు కత్తిరించేయాలి. ఇటుకల కుప్ప, కొబ్బరి మట్టలు, పత్తికంప, కట్టెలు గోడకు ఆనించకుండా ఎడంగా, నేలకు అడుగు ఎత్తున పెట్టాలి. కోళ్ల దాణా, బియ్యం బస్తా మూతలేని చోట ఉంటే ఎలుకలొస్తాయి, తర్వాత సంగతి చెప్పనక్కర్లేదు. చెప్పులు, బూట్లు గడప బయట ఉంటే తొడిగే ముందు తిరగేసి దులపాలి.

జూన్, జులైలో జానెడు పొడవు తాచుపిల్ల ఒకటి ఇంట్లో కనిపిస్తే, దాన్ని పట్టుకెళ్లారు కదా అని ఊరుకోకూడదు. తాచు ఒకేచోట డజను నుంచి ముప్ఫై దాకా గుడ్లు పెడుతుంది, రెండు నెలలకు అన్నీ కొద్దిరోజుల తేడాతో పగులుతాయి. ఆ బొరియ మీ మెట్ల కిందో ప్రహరీ పునాదిలోనో ఉండి ఉంటుంది. పుట్టిన రోజునుంచే వాటికి విషం ఉంటుంది, పడగ కూడా విప్పుతాయి. పట్టడానికి వచ్చినతనికే ఇంటి చుట్టూ చూపించి, బొరియ దొరికితే మిగతావి కూడా తీయించాలి. దొరక్కపోతే రెండు వారాలపాటు బాత్రూమ్ మూలలు, చీపురు వెనక, తడిబట్టల బకెట్టు లైటు వేసి చూసుకోవాలి.